ఐరిష్ భాషలో పండుగ పలకరింపులు

ఒక భాషలో నాలుగు పండుగ మాటలు నేర్చుకొనుట ఎంత పని యని మేమును అనుకొన్నవారమే. 2023వ సంవత్సరము నవంబరు నెలలో, ఐర్లండు దేశపు పడమటి తీరమున గల గాల్వే పట్టణమునకు, అక్కడ కాపురమున్న మా అమ్మాయి యింటికి, దంపతులము ఇరువురమును ప్రయాణమైతిమి. మూడు నెలలకు కొంచెము తక్కువగా అక్కడ ఉంటిమి. క్రిస్మస్ పండుగయు, నూతన సంవత్సరమును ఆ చలిలోనే గడచినవి. పొరుగువారి పండుగనాడు పొరుగువారి భాషలోనే శుభము పలుకుట మర్యాద గదా యని రెండు మూడు వాక్యములు కంఠస్థము చేసితిమి. ఆ రెండు మూడు వాక్యములు మమ్ము ఎంత దూరము నడిపించినవో ఈ సాయంకాలము శ్రోతలకు మనవి చేయదలచినాము.

ఐర్లండులో ఇంగ్లీషే గదా మాటలాడుదురు, వేరొక భాష యెక్కడిది అని అడుగువారు మనలో పెక్కుమంది. మేమును బయలుదేరునప్పుడు అటులనే అడిగితిమి. ఆ దేశమునకు తనదైన భాష యొకటి కలదు. దానిని వారు గేల్గ అందురు. ఇంగ్లీషువారు ఐరిష్ అందురు. 1937వ సంవత్సరపు ఐర్లండు రాజ్యాంగము దీనిని జాతీయ భాషగను, ప్రథమ అధికార భాషగను పేర్కొని, ఇంగ్లీషును రెండవ స్థానమున నిలిపినది. కాని కాగితముమీది స్థానము వేరు, వీధిలోని స్థానము వేరు. 2022 జనాభా లెక్కలలో ఐరిష్ మాటలాడగలమని చెప్పినవారు 18,73,997 మంది. అనగా నూటికి నలుబదిమంది. పాఠశాలలో గాక వెలుపల ప్రతిదినము మాటలాడుచున్నామని చెప్పినవారు 71,968 మంది మాత్రమే. ఈ రెండంకెల నడుమనున్న అగాధమును శ్రోతలు జ్ఞాపకముంచుకొన వేడెదము. మా కథయంతయు ఆ అగాధములోనే జరిగినది.

మాకు గురువు మా మనుమరాలు. వయస్సు ఆరేండ్లు. ఆ దేశములోని బడులలో ఐరిష్ భాష చిన్నతరగతులనుండియే పాఠ్యవిషయము గనుక, మా అమ్మాయికిని, అల్లునికిని రాని భాష ఆ బిడ్డకు వచ్చును. రావలసిన భాష మాత్రము సగమే వచ్చును. తెలుగు బాగుగా అర్థమగును. బదులు మాత్రము ఇంగ్లీషే. "అన్నం తిన్నావా తల్లీ?" అని అమ్మమ్మ అడిగిన "యెస్" అనును. "ఇంకా కావాలా?" అనిన "నో" అనును. ఒక్క పలుకైనను తెలుగున తిరిగి రాదు. మొదటి వారము ఇది ముద్దుగనే యుండెను. రెండవ వారమున మాలో ఒకరికి రాత్రిపూట నిద్ర పట్టకుండెను.

ఈ విచారము నటుంచి పాఠములోనికి వత్తము. క్రిస్మస్ శుభాకాంక్ష "నొల్లిగ్ హొన దిచ్". రేడియోలో అక్షరములు చూపుటకు వీలు లేదు, అది మంచిదే. వారు వ్రాయునది చూచిన నోరు తిరుగదు, వినిన తిరుగును. అందుచే మేము ఒక నోటుపుస్తకములో, బిడ్డ పలికినది పలికినట్లు, తెలుగు అక్షరములలోనే వ్రాసికొంటిమి. "దిచ్" అనుదానిలోని చివరి ధ్వని తకారమునకును చకారమునకును నడుమనుండును; ప్రాంతమును బట్టి ఒకచోట తకారమువైపునకు, ఒకచోట చకారమువైపునకు ఒరగును. మేము పడమటి తీరమున విన్నట్లు చెప్పుచున్నాము.

"నొల్లిగ్" అనగా క్రిస్మస్. పుట్టుకను తెలుపు లాటిను మాటనుండి వచ్చినది. డిసెంబరు నెలకును వారి భాషలో ఇదే పేరు. "దిచ్" అనగా నీకు. ఇక నడుమనున్న "హొన" అనగా సంతోషమైన. కాని నిఘంటువులో "హొన" యను మాట యెంత వెదకినను దొరకదు. అక్కడ ఉన్నది "సొన". ఇదేమి చిత్రమని మనుమరాలినే అడిగితిమి. "అది అంతే తాతయ్యా" అని ఇంగ్లీషులో చెప్పినది. వ్యాకరణ పండితులు చెప్పు బదులును తుదకు అదియే గాని, కొంచెము పొడవుగా చెప్పుదురు. నొల్లిగ్ అనునది స్త్రీలింగ శబ్దము. స్త్రీలింగ నామము వెనుక వచ్చు విశేషణము మొదటి హల్లు మెత్తబడును. సకారము హకారమగును, బకార మకారములు వకారములగును, పకారము ఫకారమగును. "బన్" అనగా స్త్రీ. ఆ స్త్రీ అనవలెనన్న "అన్ వన్". ఎవరినైన పేరు పెట్టి పిలుచునప్పుడును ఇంతే. మార్య యను పేరుగల అమ్మాయిని పిలువవలెనన్న "అ వార్య" అనవలెను. మన రాముడు పిలుపులో రామా యగును. మనము పేరు చివర మార్చుదుము, వారు మొదలును గూడ మార్చుదురు.

ఇది విని ఆశ్చర్యపడుటకు ముందు మనము మన యింటివైపు ఒకమారు చూచుకొనవలయును. తల్లి, తండ్రి కలసిన తల్లిదండ్రులు, తకారము దకారమైనది. అన్న, తమ్ముడు కలసిన అన్నదమ్ములు. కూర, కాయ కలసిన కూరగాయ. చిన్నయసూరి వ్యాకరణము చదివినవారికి గసడదవాదేశ మనిన వెంటనే స్ఫురించును. చదువనివారును దినమునకు పదిమారులు ఆ మాటలు పలుకుచునే యుందురు. తెలుగునకును ఐరిష్ భాషకును చుట్టరికము లేదు. అయినను పక్కమాటను బట్టి హల్లు మెత్తబడు అలవాటు రెండు ఇండ్లలోను ఉన్నది. మాకు ఆ భాషమీద భయము పోయినది ఆ దినముననే.

భయము పోవుటయే మా కొంప ముంచినది. గాల్వేకు పడమరగా, ఇరువది కిలోమీటర్లకు లోపుననే, సముద్రపుటొడ్డున స్పిడాల్ అను గ్రామము కలదు. అది ఐరిష్ నేటికిని ఇంటిభాషగా నిలిచియున్న గేల్తఖ్త్ ప్రాంతములలోనిది. ఈ ప్రాంతములు డానిగాల్, మేయో, గాల్వే, కెర్రీ, కార్క్, వాటర్‌ఫర్డ్, మీథ్ జిల్లాలలో తునుకలు తునుకలుగా నున్నవి. దేశములో మిగిలినచోట్ల త్రోవ పలకలమీద రెండు భాషలుండగా, ఇక్కడ ఐరిష్ ఒక్కటే యుండును. అచ్చట ఒక దుకాణములో అడుగుపెట్టి, మేము నేర్చిన సాధారణ నమస్కారమును గట్టిగా పలికితిమి: "దీయ గ్విచ్". దీయ అనగా దేవుడు; గ్విచ్ అనునది ముందు చెప్పిన దిచ్ యొక్క మెత్తబడిన రూపమే. "దేవుడు నీకు" అని అర్థము; తోడుండుగాక యని భావము.

దుకాణపు ఇల్లాలి ముఖము వికసించినది. "దీయస్ మ్విర గ్విచ్" అని, దాని వెనుక మరి నాలుగు వాక్యములు వానచినుకులవలె వేసినది. చివర ఒక ప్రశ్న యున్నదని స్వరమును బట్టి తెలిసినది. ఏ ప్రశ్నయో తెలియలేదు. మేము శిలాప్రతిమలవలె నిలిచితిమి. ఆమె మర్యాదస్తురాలు, క్షణము చూచి, ఇంగ్లీషులోనికి మారి, చలి యెక్కువగా నున్నది గదా యని అన్నది. ఆమె ముఖమున వికసించినది మాత్రము అప్పుడే ముకుళించినది. రెండు చాక్లెట్టు పొట్లములు కొని బయటపడితిమి. మనుమరాలు కారులో పకపక నవ్వినది.

ఆ రాత్రి ఆలోచింపగా మా తప్పు ఎక్కడనో తెలిసినది. మేము పలకరింపు నేర్చితిమి గాని బదులు నేర్వలేదు. ఐరిష్ భాషలో ఇది చిన్న లోపము కాదు. "దేవుడు నీకు" అని ఒకరన్నప్పుడు, రెండవవారు అదే మాట తిరిగి అప్పగింపరు. "దేవుడును మేరీ మాతయు నీకు" అని ఒకరిని చేర్చి తిరిగి ఇత్తురు. సంప్రదాయము పాటించువారు మరల పాట్రిక్ ఋషిని గూడ చేర్చుదురు. ఇచ్చినదానికంటె ఇసుమంత ఎక్కువగా తిరిగి ఇచ్చుట ఆ భాషలో వ్యాకరణమువంటిది. మన ఇండ్లలో పేరంటమునకు వచ్చిన పళ్ళెము ఖాళీగా తిరిగి పంపరు గదా, అట్లన్నమాట. అభివాదమునకు ప్రత్యభివాదము తెలియనివానికి నమస్కరింప నక్కరలేదని మనుస్మృతియు చెప్పుచున్నది. ఆ లెక్కన స్పిడాల్ దుకాణపు ఇల్లాలు మాకు చేసినది గొప్ప దయయే.

ఈ బదులు అను సంగతి మా మనస్సులో పడిన తరువాత, ఆ భాష చరిత్ర మాకు వేరొక విధముగా కనబడినది. 1831లో ఏర్పడిన ప్రభుత్వపు బడులలో బోధన ఇంగ్లీషుననే జరిగెను. పిల్లల మెడలో ఒక కర్ర కట్టి, ఐరిష్ పలికిన ప్రతిమారును దానిపై ఒక గాటు పెట్టి, సాయంకాలము గాట్ల లెక్కకు దెబ్బలు కొట్టు ఆచారము పెక్కు పల్లెలలో ఉండెడిది. 1845లో బంగాళాదుంప పైరునకు తెగులు సోకి మహాక్షామము వచ్చినది. సుమారు పదిలక్షలమంది మరణించిరి. మరి పదిలక్షలమంది ఓడలెక్కి దేశము విడిచిరి. క్షామపు దెబ్బ అన్నిటికంటె కఠినముగా తగిలినది ఐరిష్ మాటలాడు పడమటి పేదలకే. మిగిలిన తల్లిదండ్రులు తమ పిల్లలు అమెరికాకో లండనుకో పోక తప్పదని యెరిగిరి. వారు తమలో తాము ఐరిష్ మాటలాడుకొని, పిల్లలతో వచ్చీరాని ఇంగ్లీషు పలికిరి. వారిని నిందించుటకు మాకు నోరు రాదు. ఆకలి చూచినవారు వారు. పిల్లలు వినుచు పెరిగిరి, అర్థము చేసికొనిరి, ఇంగ్లీషులో బదులిచ్చిరి. వారి పిల్లలకు అర్థము చేసికొనుటయు పోయినది. ఒక మహాభాష ఇంటింటను ఆగిపోయినది ఇట్లే. ఇది చదువుచుండగా మాకు మా భోజనపు బల్ల గుర్తునకు వచ్చినదని వేరుగా చెప్పనక్కరలేదు.

దానిని మరల నిలబెట్టుటకు పూనినవారిలో డగ్లస్ హైడ్ ముఖ్యుడు. ఆయన రాస్‌కామన్ జిల్లాలో ఒక ప్రొటెస్టెంటు మతాచార్యుని కుమారుడు, ఇంటిభాష ఇంగ్లీషు. బాల్యమున చుట్టుపట్ల వృద్ధులవద్దను, వేటభూములు కాయు ఒక ముదుసలివద్దను ఐరిష్ నేర్చి, అక్షరక్రమము తెలియక, విన్నదానిని ఇంగ్లీషు అక్షరములలో దినచర్య పుస్తకమున వ్రాసికొనెను. మా తెలుగు నోటుపుస్తకమునకు ఇంతటి పూర్వాచారము కలదని తెలిసి మేము కొంచెము గర్వించితిమి. 1893లో స్థాపింపబడిన గేలిక్ లీగునకు ఆయనయే ప్రథమాధ్యక్షుడు. 1938లో దేశమునకే ప్రథమ రాష్ట్రపతి. రేడియో శ్రోతలకు ఇంపైన సంగతి మరియొకటి. 1926 జనవరి 1వ తేదీన డబ్లిను రేడియో కేంద్రము ఆరంభమైనప్పుడు ప్రారంభోపన్యాసము చేసినవాడు హైడ్. అందులో ఐరిష్ భాష వినబడినది. అయినను, దినమంతయు ఆ భాషలోనే పలుకు రేడియో రావలెనని కానమారా ప్రాంతపు యువకులు 1970లో అనుమతి లేకయే ఒక చిన్న కేంద్రము నడిపిరి. 1972 ఏప్రిల్ 2వ తేదీన ప్రభుత్వమే రేడియో నా గేల్తఖ్త కేంద్రమును తెరచినది. 1996లో ఆ భాషకు టెలివిజనును వచ్చినది. మా అమ్మాయి వంటయింటిలో మేము ఆ రేడియో పెట్టి వినుచుంటిమి. ఒక్క మాటయు అర్థము కాదు. కాని వార్తలు చదువునప్పటి గొంతు ఏ దేశమునందైనను గుర్తుపట్టవచ్చును.

తెలుగువారికి ఆ దేశము పూర్తిగా క్రొత్తయు కాదు. తరువాత రాష్ట్రపతియైన వరాహగిరి వెంకటగిరిగారు 1913లో న్యాయశాస్త్రము చదువుటకు డబ్లినునకు పోయి, ఆ నగరమున తిరుగుబాటు చెలరేగిన 1916లో దేశము విడువవలసి వచ్చినది. అటనుండి ఇటు వచ్చినవారు జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ దంపతులు. 1919లో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు వచ్చి జనగణమన గీతమునకు ఇంగ్లీషు అనువాదము చేసినది వారి కళాశాలలోనే.

ఇక నిత్యవ్యవహారపు మాటలు. ఎట్లున్నారని అడుగుటకే మూడు ప్రాంతములలో మూడు విధములు: దక్షిణమున "కొనస్ అతా తూ", పడమర "కే ఖీ విల్ తూ", ఉత్తరమున "కజే మర్ అతా తూ". ఏది శుద్ధమని తగవులాడువారు అక్కడను ఉన్నారు. మనకు కొత్త కాదు. దయచేసి యనుటకు "లె దొ హెల్", నీ యిచ్ఛతో అని అర్థము. కృతజ్ఞతకు "గొ రెవ్ మా అగత్", నీ వద్ద మేలుండుగాక అని. దానికి బదులు "తా ఫాల్చ రోత్", నీ ముందర స్వాగతమున్నది అని. చివరి మాట విని మాలో ఒకరు మొగము చిట్లించిరి. అది మన రోత కాదు.

శ్రోతలు గమనింపవలసినది ఈ వాక్యముల కట్టుబడి. ఇంగ్లీషువాడు పుస్తకమును కలిగియుండును, ఐరిష్‌వానివద్ద పుస్తకముండును. "తా ల్యవర్ అగమ్": నా వద్ద పుస్తకమున్నది. అచ్చముగా మన వాక్యము. ఇంగ్లీషువాడు తానే ఆకలిగా నుండును. ఐరిష్‌వానిమీద ఆకలి యుండును. "తా ఒక్రస్ ఒరమ్": ఆకలి నామీద నున్నది. మనకు ఆకలి వేయును, వారిమీద ఆకలి కూర్చుండును. ఇరువురకును అది వెలుపలినుండి వచ్చునదే. సంతోషమును అంతే, దుఃఖమును అంతే. "తా బ్రోన్ ఒరమ్", దుఃఖము నామీద నున్నది. క్షమింపుమనుటకును ఇదే మాట. ఇంగ్లీషుద్వారా ఈ భాషను నేర్చువారు ఇచ్చట తికమకపడుదురు. తెలుగువాడు తెలుగులోనుండి నేరుగా పోయిన త్రోవ దగ్గర. సంఖ్యలకు వచ్చిన సంస్కృతము తెలిసినవారికి పండుగయే: మూడు త్రీ, ఏడు ష్యఖ్త్, ఎనిమిది ఒఖ్త్, పది జెహ్, త్రి, సప్త, అష్ట, దశ శబ్దముల దాయాదులు. రాజును వారు రీ అందురు.

మరి యొక విశేషము మాకు అన్నిటికంటె ఉపకరించినది. ఆ భాషలో అవును, కాదు అనుటకు ప్రత్యేకముగా మాటలు లేవు. అడిగిన క్రియనే తిరిగి చెప్పవలయును. "అ విల్ ఒక్రస్ ఒర్త్?", ఆకలి నీమీద నున్నదా? ఉన్నచో "తా", ఉన్నది. లేనిచో "నీల్", లేదు. మనుమరాలు ఇది పాఠముగా చెప్పుచుండగా అమ్మమ్మకు ఒక ఉపాయము తోచినది. "మనకూ అంతే. తిన్నావా అంటే తిన్నాను అనాలి. ఐరిష్‌లో తప్పు చేస్తే నువ్వు మమ్మల్ని దిద్దుతున్నావు. తెలుగులో తప్పు చేస్తే మేం నిన్ను దిద్దద్దూ?" అని. బిడ్డ ఆలోచించినది. గురుస్థానమున నున్నవారికి న్యాయబుద్ధి యెక్కువ. ఒప్పందము కుదిరినది: మా ఐరిష్ ప్రశ్నకు తాను ఐరిష్‌లో బదులీయవలయును, మా తెలుగు ప్రశ్నకు తెలుగులో, తప్పినవారు ఒక చాక్లెట్టు బిళ్ళ నష్టపోవుదురు. మొదటి మూడు దినములలో స్పిడాల్ పొట్లములు రెండును మావైపునకు వచ్చినవి. నాలుగవ దినమున, "ఇంకా కావాలా?" అని అడుగగా, "కావాలి" అని ఒక్క పలుకు వినబడినది. పెరుగన్నమే, కాని ఆ పూట మేమిరువురమును ఒకరివంక నొకరము చూచుకొనలేదు.

మా అమ్మాయి యింటికి రెండిండ్ల అవతల ఒక వృద్ధురాలు ఒంటరిగా నివసించుచుండెను. కానమారానుండి కోడలిగా వచ్చినదట. భర్త గతించిన తరువాత ఆ యింటిలో ఐరిష్ మాట వినబడలేదని, పిల్లలు దూరదేశముల నున్నారని, ఆమెయే ఒకనాడు గేటువద్ద మా అమ్మాయితో చెప్పినది. డిసెంబరు 24వ తేదీ సాయంకాలము అక్కడ కిటికీలో ఒక కొవ్వొత్తి వెలిగించు ఆచారము కలదు. మేరీ, జోసెఫులకు ఆ రాత్రి తావు దొరకలేదు గదా. దారినిపోవువారెవరైనను లోనికి రావచ్చునని దాని సూచన. ఇంటిలోని అందరికంటె చిన్నవారు దానిని వెలిగింతురు. నాలుగున్నర గంటలకే చీకటి పడినది. ఆమె కిటికీలో వెలుగుచున్నది నిజమైన కొవ్వొత్తి కాదు, విద్యుద్దీపము. వెలిగించుటకు చిన్నవారు లేరు మరి.

మేము ముగ్గురము అరిసెల పళ్ళెముతో వెళ్ళి తలుపు తట్టితిమి. ఈమారు ఆత్మవిశ్వాసము తక్కువగను, పాఠము ఎక్కువగను ఉన్నది. "నొల్లిగ్ హొన దిచ్" అని మే మంటిమి. ఆమె ఒక క్షణము ఊరకుండి, "గురబ్ అవ్లీ దిచ్" అన్నది. నీకును అట్లే యగుగాక అని అర్థము. తరువాత వానచినుకులు ఆరంభమైనవి. మేము వెనుకటివలె శిలాప్రతిమలమైతిమి గాని, ముందు నిలిచియున్న బిడ్డ ఆగలేదు. ప్రశ్నకు "తా" అన్నది, మరియొకదానికి "నీల్" అన్నది, పేరు చెప్పినది, వయస్సు చెప్పినది. బడి భాషయే, తప్పులు చాల ఉండియుండును. ఆ వృద్ధురాలు ఒక్క తప్పును దిద్దలేదు. అరిసె కొరికి, ఇది ఏమని బిడ్డనే అడిగినది. బిడ్డకు ఐరిష్‌లో ఆ మాట లేదు, ఇంగ్లీషులోను లేదు. మావైపు తిరిగి, "అమ్మమ్మా, ఇది ఏంటి చెప్పాలి?" అని తెలుగులోనే అడిగినది. అరిసె అరిసెయే యని చెప్పితిమి. పళ్ళెము ఖాళీగా తిరిగి రాలేదు. ఎండుద్రాక్షల రొట్టె ముక్కలు వచ్చినవి.

నూతన సంవత్సరపు పలకరింపు కొంచెము పొడవు: "ఆవ్లియన్ ఫ్వీ వష దిచ్". క్రొత్త సంవత్సరము శోభతో నీకు అని చెప్పవచ్చును. బదులు ముందు చెప్పినదే, "గురబ్ అవ్లీ దిచ్". ఎదుట పలువురున్నచో దిచ్ అనుచోట "దీవ్" అనవలెను. జనవరి 6వ తేదీని వారు నొల్లిగ్ న మన్, స్త్రీల క్రిస్మస్ అందురు. పండుగ పన్నెండు దినములును వంటయింటిలో నలిగిన స్త్రీలకు ఆ దినము విశ్రాంతి. మగవారు వంట చేయవలయును. కార్క్, కెర్రీ ప్రాంతములలో ఈ ఆచారము ఎక్కువ. మా యింటిలోను దానిని పాటించితిమి. అల్లుడును తాతయ్యయు కలసి చేసిన పప్పుపులుసు గురించి ఇచ్చట విస్తరింపము.

సెలవు తీసికొనుటలో గూడ వారు ఒక భేదము పాటింతురు. వెళ్ళువారు నిలిచియున్నవారితో "స్లాన్ అగత్" అందురు. క్షేమము నీ వద్ద నుండుగాక అని. నిలిచియున్నవారు వెళ్ళువారితో "స్లాన్ ల్యత్" అందురు. క్షేమము నీతో పోవుగాక అని. మనమును వెళ్ళుచున్నామని ఎన్నడును అనము, వెళ్ళివత్తుమందుము. నిలిచినవారు క్షేమముగా వెళ్ళిరమ్మందురు. విమానాశ్రయములో ఇవి రెండును సరిగ్గా పలికి బిడ్డ మెప్పు పొందితిమి.

ఇప్పుడు ప్రతి ఆదివారము సాయంకాలము టెలిఫోనులో మాటలాడుకొనుచున్నాము. అక్కడ అప్పటికి మధ్యాహ్న భోజనమైనను కాదు. తిన్నావా అని అడిగిన "ఇంకా తినలేదు" అని బదులు వచ్చును. అప్పుడప్పుడు "నీల్" అని వచ్చును, అప్పుడు చాక్లెట్టు బిళ్ళ లెక్క వ్రాసికొందుము. చిక్కంతయు చివరనే. టెలిఫోనులో వెళ్ళువారెవరు, నిలుచువారెవరు? ఎవరు స్లాన్ అగత్ అనవలెను? గురువుగారి తీర్పు ఇది: ముందుగా ఫోను పెట్టినవారు వెళ్ళినట్లు. అందుచే మే మెవ్వరమును ముందుగా పెట్టుటలేదు.